పాత బండి ఫోర్కును దారికి తెచ్చిన మాస్టారికి కృతజ్ఞతలు

మాస్టారూ, మూడు నెలలుగా నన్ను ఏడిపించిన పాత బండి ముందు ఫోర్కు, అదే ముందు చక్రాన్ని పట్టుకుని గతుకులకు కుంగి లేచే రెండు కాళ్లు, నిన్న దారికి వచ్చింది. రాత్రి పది దాటాక కూడా విసుక్కోకుండా ఫోను ఎత్తారు కదా, ఆ ఓపికకు అందరి ముందూ నమస్కారం.

బ్రేకు వేస్తే బండి ముక్కు నేలకు వంగేది. నేను చేసిన ఘనకార్యం, ఫోర్కులోని 10 గ్రేడు ఆయిలు తీసేసి, ఇంకా చిక్కటి 20 గ్రేడు పోయడం. రోగం ముదిరింది. “ఆయిలు ఫోర్కు కదిలే వేగానికి పగ్గం వేస్తుంది, అంతే. బరువు మోసేది స్ప్రింగు” అని మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. చిక్కటి ఆయిలు వల్ల ఒక గతుకుకు కుంగిన ఫోర్కు లేచేలోపే రెండోది వచ్చిపడేది. అలా దిగుతూ దిగుతూ చివరికి అడుగు తగిలేది.

మీరు చెప్పినట్టే ముందు చక్రం గాలిలోకి లేపి, ఫోర్కు గొట్టానికి ప్లాస్టిక్ టై కట్టి, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీలుకు ఆనించాను. దింపి, బండెక్కి కూర్చుని, మళ్లీ లేపి చూస్తే టై 55 మిల్లీమీటర్లు పైకి జరిగి ఉంది. మొత్తం కదలికే 120! కూర్చుంటే కుంగేది అందులో మూడో వంతు దాటకూడదన్నారు, నాది సగానికి చేరువైంది. స్ప్రింగుల మీద 20 మిల్లీమీటర్ల పైపు ముక్కలు పెట్టాక 35కు దిగింది. స్ప్రింగును అదిమి ఉంచే ఫోర్కు పై మూత చివరి మరలు విప్పేటప్పుడు అరచేత్తో అదిమి పట్టమన్నారు చూడండి, ఆ మాట వినకపోతే అది నా ముఖానికే తగిలేది.

ఆయిలు మట్టం సంగతి మరీ సిగ్గుచేటు. స్ప్రింగులు తీసి, ఫోర్కును పూర్తిగా అణచి, పై అంచు నుంచి ఆయిలు దాకా కొలిస్తే ఎడమవైపు 150 మిల్లీమీటర్లు, కుడివైపు 172. రెండింటిలో సమానంగానే పోశాను, కానీ ఎడమదానిలో పాత ఆయిలు పూర్తిగా కారలేదు. అందుకే మీరు పోసిన కొలత కాదు, మట్టం చూడమన్నారు.

అన్నిటికంటే విలువైనది మీరు చివర్లో, ఫోను పెట్టేస్తూ చెప్పిన మాట. ఇరుసు నట్టు బిగించి, ఇరుసును ఫోర్కు కాలికి పట్టి ఉంచే కింది క్లాంపు బోల్టు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును పదిసార్లు గట్టిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే బోల్టు బిగించమన్నారు. ఆరోసారికి కాబోలు, రెండు కాళ్లూ సర్దుకుని, అప్పటిదాకా ఫోర్కు కదిలితే పట్టేసినట్టు వచ్చే గరగర మాయమైంది.

టై ఇంకా గొట్టం మీదే ఉంది, తీయను. 20 గ్రేడు ఆయిలు ముప్పావు సీసా మిగిలింది, ఎవరికైనా కావాలంటే తీసుకోండి.