మురుగుతోపాటు మడ్డి సంగతీ ఇప్పుడే తేల్చాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. నెల్లూరు నగరంలో భూగర్భ డ్రైనేజీ గురించి, మురుగుశుద్ధి కేంద్రాల గురించి మీ జిల్లా పేజీల్లో వచ్చే వార్తలను శ్రద్ధగా చదువుతుంటాను. గొట్టాలు ఎంతవరకు వేశారు, ఎన్ని ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు, తవ్విన రోడ్లు ఎప్పుడు బాగుచేస్తారు అన్న చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. అయితే శుద్ధి చేసిన నీరు పోగా అడుగున మిగిలే మడ్డి, అంటే ఇంజనీర్లు స్లడ్జ్ అని పిలిచేది, రాబోయే ముప్పై ఏళ్లలో ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ఆ చర్చలో తగినంత చోటు దొరకడం లేదు. నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవాణ్ని. ఇందుకూరుపేట మండలంలో మూడెకరాలు సాగు చేసుకుంటున్నాను. దారీ తెన్నూ చూపకపోతే ఆ మడ్డి చివరికి చేరేది మా కాలువలకూ పొలాలకూ కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మురుగును శుద్ధి చేస్తే అందులోని మలినం నీటి నుంచి విడిపోతుందే తప్ప లేకుండా పోదు. అది ఎంత ఉంటుందో చూద్దాం. 2011 జనాభా లెక్కల నాటికే నగరంలో ఐదు లక్షల మందికి పైగా ఉన్నారు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా చేయాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని మన దేశంలో వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం, ఐదు లక్షల మందికి రోజుకు సుమారు 5.4 కోట్ల లీటర్ల మురుగు తయారవుతుంది. వెయ్యి లీటర్లకు పావు కిలో చొప్పున వేసుకున్నా రోజుకు 13 టన్నుల పైచిలుకు పొడి మడ్డి. కానీ అది పొడిగా రాదు. యంత్రాలతో పిండిన తరువాత కూడా అయిదింట నాలుగు వంతులు నీరే ఉంటుంది కనుక ఎత్తి పోయాల్సిన బరువు 65 టన్నులు దాటుతుంది. పది టన్నుల లారీలు రోజుకు ఆరేడు, ఆదివారమనీ పండగనీ లేకుండా, ఏడాది పొడుగునా తిరగాలి. ఇది ముతక లెక్కే. అయినా ఇన్ని లారీలు ఏ ఊరి పొలిమేరలో ఆగాలో ముందుగా అనుకోకుండా శుద్ధి కేంద్రాలను పూర్తి స్థాయిలో నడపడం సాధ్యమయ్యే పని కాదు.

మన జిల్లా వాతావరణం సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇసుక మళ్లలో మడ్డిని పరిచి ఎండబెట్టడం చవకైన పద్ధతి, వేసవిలో మన ఎండలకు చక్కగా పనికొస్తుంది. కానీ మనకు ముఖ్యమైన వర్షాలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనం వెంట అల్పపీడనం వస్తుంటే, ఎండబెట్టిన సరుకు కూడా మళ్లీ బురదవుతుంది. ఆ మూడు నెలలూ రైతులు నారుమళ్లలో, నాట్లలో ఉంటారు. పొలంలోకి బండి దిగదు, ఎవరూ ఎరువు తోలించుకోరు. అంటే మడ్డి ఆగకుండా వచ్చే రోజుల్లోనే దానికి పోయే దారి మూసుకుపోతుంది. కనుక కనీసం నాలుగు నెలల సరుకు నిలవ చేసే పైకప్పు గల షెడ్లు, కింద గచ్చు, మడ్డి నుంచి కారే నీటిని పట్టి తిరిగి శుద్ధి కేంద్రానికి పంపే కాలువ మొదటి అంచనాల్లోనే ఉండాలి. స్థలం ఎంచుకునేటప్పుడు 2021 నవంబరును మరచిపోకూడదు. పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, జాతీయ రహదారి కూడా కోతకు గురయ్యాయి. అలాంటి నది ఒడ్డున, వరద తాకే చోట మడ్డిని గుట్టలుగా పోస్తే అది ఒక్క రాత్రిలో తాగునీటి బావులకూ సముద్రానికీ చేరుతుంది.

రైతుగా నాకు మడ్డి మీద ద్వేషం లేదు. చెరువు పూడిక మట్టి తోలించుకోవడం, కోతలయ్యాక గొర్రెల మంద కట్టించుకోవడం మన తాతల నాటి నుంచి ఉన్న అలవాట్లు. శుద్ధి కేంద్రం మడ్డిలో నత్రజని, భాస్వరం బాగానే ఉంటాయి. పొటాష్ మాత్రం నీటిలో కరిగి వెళ్లిపోతుంది కనుక తక్కువ, దాన్ని రైతు విడిగా వేసుకోవాలి. సేంద్రియ పదార్థం దండిగా ఉండటం వల్ల కోస్తా ఇసుక నేలల్లోని సరుగుడు తోటలకు, పొదలకూరు వైపు నిమ్మ తోటలకు ఇది మేలు చేస్తుందని నా నమ్మకం. వరి మడిలో కూలీలు గంటల తరబడి ఒట్టికాళ్లతో నిలబడతారు కనుక అక్కడికి మాత్రం తొలి ఏళ్లలో వెళ్లకూడదు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మూడేళ్ల కిందట డిసెంబరులో ఒక సెప్టిక్ ట్యాంకు బండి తెల్లవారుజామున మా పంట కాలువలో గొట్టం పెట్టి ఖాళీ చేసి వెళ్లింది. ఆ నీరు పారిన మడిలో నాట్లు వేసిన ఆరుగురు ఆడవాళ్లకు మోకాళ్ల దాకా దద్దుర్లు లేచాయి. వారం రోజులు పనికి పోలేకపోయారు. బండివాణ్ని నిలదీస్తే, "ఎక్కడ పొయ్యాలో చెప్పండయ్యా, అక్కడే పోస్తా" అన్నాడు. అతను చేసింది తప్పే, కానీ అతను అడిగినదానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. సెప్టిక్ ట్యాంకుల మడ్డికీ, శుద్ధి కేంద్రాల మడ్డికీ ఒకే చోట, ఒకే ప్రణాళిక కింద దారి చూపవలసిన అవసరం నాకు అర్థమైంది అప్పుడే. కనెక్షన్లు అన్ని ఇళ్లకూ చేరేదాకా ఆ బండ్లు తిరుగుతూనే ఉంటాయి.

మడ్డిని ఎరువుగా మార్చేందుకు తెలిసిన పద్ధతులే ఉన్నాయి. గాలి చొరని ట్యాంకుల్లో 35 డిగ్రీల వేడి దగ్గర ఇరవై రోజులు మాగబెడితే కుళ్లే పదార్థం చాలావరకు తగ్గి, వచ్చే గ్యాసుతో కేంద్రానికి కొంత కరెంటు కూడా వస్తుంది. ఆ తరువాత వరిగడ్డి, కొమ్మల పొట్టు కలిపి వరసలుగా పేర్చి, లోపలి వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆ వ్యవధిలో కనీసం అయిదుసార్లు తిరగేస్తే ఏలికపాముల గుడ్లు సైతం చస్తాయి. ఆ గుడ్లు మామూలు నేలలో ఏళ్ల తరబడి బతికుంటాయన్నది మరువరాదు. అహ్మదాబాద్‌లో భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతికతతో, రోజుకు వంద టన్నుల ఎండు మడ్డిని గామా కిరణాలతో క్రిమిరహితం చేసే కేంద్రం ఏర్పాటైంది. అమెరికాలోని మిల్వాకీ నగరమైతే 1926 నుంచీ మడ్డితో చేసిన ఎరువును సంచుల్లో నింపి అమ్ముతోంది.

అదే దేశంలోని మెయిన్ అనే రాష్ట్రం మాత్రం, మడ్డి చల్లిన పొలాల్లోనూ బావుల్లోనూ పీఫాస్ అనే ఎన్నటికీ విరగని రసాయనాలు బయటపడటంతో, 2022లో పొలాలకు మడ్డి వేయడాన్నే నిషేధించింది. క్రిములను వేడితో చంపవచ్చు. రసాయనాలనూ లోహాలనూ చంపలేం. బ్యాటరీ పనులు, లోహపు పూత పనులు చేసే దుకాణాల వ్యర్థాలు ఇళ్ల మురుగులో కలవకుండా మొదట్లోనే ఆపడమొక్కటే దారి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు, అంటే నగరాల చెత్తతో చేసే ఎరువుకు, పరిమితులు పెట్టింది: కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, క్రోమియం 50 దాటకూడదు. మడ్డి ఎరువుకూ ఈ పరీక్షలు ఏడాదికొకసారి మొక్కుబడిగా కాక ప్రతి నెలా జరగాలి.

ఆ మధ్య ఒక పట్టణంలో ఎండబెట్టిన మడ్డి గడ్డను చేతిలోకి తీసుకుని చిదిమి చూశాను. వాసన పెద్దగా లేదు, నల్లరేగడిలాగే పొడిపొడిగా రాలింది. కానీ అరచేతిలో నాలుగు షాంపూ ప్యాకెట్ల ముక్కలు, ఒక తల వెంట్రుకల ఉండ మిగిలాయి. నా పక్కనున్న రైతు అది చూసి చెయ్యి దులుపుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ప్రయోగశాల కాగితం ఎంత బాగున్నా, చేతికి తగిలినదాన్నే రైతు నమ్ముతాడు. మురుగు లోపలికి వచ్చే చోట జల్లెడలు సన్నవి పెట్టడానికి అయ్యే ఖర్చును ఎవరూ దుబారాగా చూడవద్దు.

నగరపాలక సంస్థ అధికారులకు నా విన్నపం ఇది. మురుగు గొట్టాలను ముప్పై ఏళ్ల అవసరానికి తగినట్టు వేసినప్పుడు, మడ్డికి కావలసిన స్థలాన్ని కూడా ముప్పై ఏళ్లకు సరిపడా ఇప్పుడే గుర్తించి కేటాయించండి, ఎందుకంటే పదేళ్ల తరువాత నగరం చుట్టూ అంత ఖాళీ భూమి ఉండదు. ఆ స్థలం ఉన్న పంచాయతీ వాళ్లను గుత్తేదారు వచ్చాక కాకుండా ముందే పిలిచి మాట్లాడండి. రైతులకు తొలి మూడేళ్లు ఉచితంగా ఇచ్చి, కొన్ని తోటల్లో నేల పరీక్ష, పంట పరీక్ష రెండూ చేయించి, ఆ ఫలితాలను తెలుగులో ఆ ఊరి పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించండి. అందుకయ్యే ఖర్చును నిర్వహణ ఒప్పందంలోనే విడిగా చూపించండి. లేకపోతే నిధులు తగ్గిన మొదటి ఏడాదే కోత పడేది దానికే.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
నెల్లూరు