వైన్ సంగతి సరే, నా మెయిల్‌కి జవాబేది?

ద్రాక్షతోట యాజమాన్యానికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీ కుటుంబానికి, కస్టమర్ కేర్‌కి కాదు. దయచేసి వాళ్లకి ఫార్వర్డ్ చేయకండి. చేస్తే "మీ మెయిల్ అందింది, త్వరలో సంప్రదిస్తాం" అన్న ముక్క తప్ప నాకు ఇంకేమీ దక్కదు.

అసలు విషయం చిన్నదే. మొన్న మీరు పంపిన రెడ్ వైన్ బాక్సులో కొన్ని బాటిళ్లు పాడయ్యాయి. గుటక వేసిన కాసేపటికి నోరంతా ఎలుకల బోను కంపు. దాని మీద నాకు కోపం లేదండీ, నిజంగానే లేదు. వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ కలపకుండా, ద్రాక్షతో పాటు వచ్చిన ఈస్ట్‌తోనే పులియబెట్టే వైన్‌కి ఈ ముప్పు ఎక్కువని తెలిసే ఇన్నేళ్లుగా మీ దగ్గర కొంటున్నాను. అడుగున మడ్డి పేరుకున్నా, రంగు మసకగా ఉన్నా, కార్క్ తీయగానే కాస్త బుస్సుమన్నా ఎప్పుడైనా కిక్కురుమన్నానా?

కోపమల్లా ఆ తర్వాత జరిగిన భాగోతం మీదే.

మెయిల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పెడితే ఒక టికెట్ నంబరు వచ్చింది, అదే మహాభాగ్యం అనుకున్నాను. ఆ తర్వాత ఎవరో "సమస్య తెలిసేలా ఫొటో పంపండి" అన్నారు. రుచికి ఫొటో! సరే, గ్లాసులో పోసి తీసి పంపాను. "ఫొటోలో వైన్ బాగానే కనిపిస్తోంది సార్" అని జవాబు. కనిపించక ఏం చేస్తుంది?

ఫోన్ చేశాను. ఎత్తినాయన చాలా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ ముందు "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అంటారు, అర్థం కానిదల్లా ఆ ఇబ్బంది ఏమిటన్నదే. "వాసన చూశారా? వాసన బాగుంటే వైన్ బాగున్నట్టే" అని నాకే పాఠం చెప్పారు. ఈ లోపం ముక్కుకి దొరకదు మహానుభావా, వైన్‌లోని పులుపు దాన్ని అణిచి ఉంచుతుంది, నోట్లో లాలాజలం కలిసి పులుపు తగ్గాకే బయటపడుతుంది అని చెప్పాను. అటువైపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత హోల్డ్, ఒకటే వయొలిన్ ముక్క తిరిగి తిరిగి. చాలాసేపటికి వచ్చి "మా దగ్గర ఒకరు తాగి చూశారట, ఏమీ తెలియలేదట" అన్నారు.

ఇది అందరి నోటికీ తెలియదు. ఈ మాట నాకు నేర్పింది మీరే! కొన్నేళ్ల కిందట బాక్సులో పెట్టిన ఉత్తరంలో, ఒక పీపాలో ఎలుక వాసన తగిలిందనీ, నాన్నగారికి తెలియలేదు గానీ అమ్మగారు పట్టేశారనీ, ఆ పీపా అమ్మడం లేదనీ రాశారు. అది చదివే మీకు ఫిదా అయిపోయాను. స్నేహితులందరి చేతా కొనిపించాను. ఇప్పుడు ఆ అమ్మగారు ఫోన్ దగ్గరికి రారా?

తర్వాత ఒకావిడ బాటిల్ వెనక్కి పంపమన్నారు. మూత తీసిన బాటిల్ కొరియర్ వాళ్లు తీసుకోరు. అదే చెబితే "అయితే మూత తీయనిది పంపండి" అన్నారు. మూత తీయకుండా అది పాడైందని నాకెలా తెలుస్తుందమ్మా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది వేరే డిపార్ట్‌మెంట్ సార్" అని లైన్ కలిపారు. కట్ అయింది. కుటుంబమంతా కలిసి నడుపుకునే తోటలో ఈ డిపార్ట్‌మెంట్లు ఎప్పుడు మొలిచాయో! అల్లుడుగారిది ఒకటి, చిన్నమ్మాయిది ఒకటీనా?

చివరికి "మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం, మా సేవకు ఎన్ని స్టార్లు?" అని మెయిల్. ఆ సాయంత్రమే ఇంకోటి: "మా కుటుంబంలో మీరూ ఒకరు. ఈ ఏటి కొత్త వైన్ ముందుగా మీకే." ఇంట్లో మనిషికి ఇచ్చే మర్యాద ఇదేనా అండీ?

ఆర్గానిక్ తోటల్లో తెగులుకి కొట్టే రాగి ఏడేళ్లలో హెక్టారుకి 28 కిలోలు దాటకూడదని ఐరోపా నిబంధన ఉందనీ, మీరు అందులో సగం కూడా వాడరనీ మీ ఉత్తరాల్లో గర్వంగా రాసుకుంటారు. రాగికి గ్రాములతో సహా లెక్క రాసే చేతులకి నా మెయిల్ లెక్కలోకి రాలేదు.

డబ్బు తిరిగిస్తారో, వేరే బాక్సు పంపుతారో మీ ఇష్టం, ఆ సంగతి ఏదో తేల్చండి. కానీ ముందు మీ ఇంట్లోవాళ్లు ఎవరైనా ఫోన్ చేయాలి. స్క్రిప్టు చదివేవాళ్లు కాదు, ఆ తోటలో ద్రాక్ష కోసిన మనిషి. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోర్టుకి వెళ్తాను, మీకు ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకి రాస్తాను. రుచి సంగతి వాళ్ల పని కాదని నాకూ తెలుసు. అయినా రాస్తాను. నా మాటతో మీ దగ్గర కొన్నవాళ్లందరికీ ఈ కథ పూసగుచ్చినట్టు చెబుతాను.

టికెట్ నంబరు మళ్లీ రాయడం లేదు. మీ దగ్గరే ఉంది, వెతుక్కోండి.

ఇట్లు,
మీ మెయిల్ ప్రకారం మీ కుటుంబ సభ్యుడు