నాలుగింటికి రోడ్డు మీద దింపితే ఎక్కడికి పోవాలండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటా, సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. కాలేజీలో కలిసి చదువుకున్న ఆరుగురం, పిల్లల్లేకుండా మొగుళ్ళు లేకుండా ఒక్క శని ఆదివారాలు హైదరాబాద్ పోయి తిరిగొద్దామని నాలుగేళ్ళ నుంచీ వాట్సాప్‌లో అనుకుంటానే ఉన్నాం, ఒకళ్ళకి కుదిరితే ఇంకొకళ్ళకి మనవడి బారసాల, చివరికి కిందటి నెల కుదిరింది. బాగా తిరిగాం, బాగా నవ్వుకున్నాం, ఆ సంగతి ముందే చెప్తున్నా ఎందుకంటే కింద రాసేదంతా చదివి ఈవిడ గొణగటానికే పుట్టింది అనుకుంటారు.

గొడవల్లా బస్సు టైము గురించి. శుక్రవారం రాత్రి పదిన్నరకి ప్రైవేట్ స్లీపర్ ఎక్కాం. టికెట్ మీద లక్డీకాపూల్ 5:45 అని ఉంది, సరే తెల్లారేటప్పటికి దిగుతాం కదా అని పడుకున్నాం. మిర్యాలగూడ దగ్గర టీకి ఆపినట్టు గుర్తు, మళ్ళీ కళ్ళు తెరిచేసరికి క్లీనర్ కర్టెన్ లాగి ‘దిగాలమ్మా దిగాలి, లక్డీకాపూల్’ అంటున్నాడు. ఫోన్ చూస్తే 4:10. ఇంత ముందేంది బాబూ అంటే, తెల్లారితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామండీ, మియాపూర్ దాకా పోవాలి అని లగేజీ డిక్కీ తీసి సంచులు రోడ్డు మీద పెట్టాడు. వాడి కష్టం వాడిది, కాదన్లా.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో రాత్రి బస్సెక్కితే హైదరాబాద్ పోయేసరికి బారెడు పొద్దెక్కేది. ఇప్పుడు అద్దంకి నార్కట్‌పల్లి రోడ్డు నాలుగు లైన్లయ్యాక ఆరు గంటలు కూడా పట్టట్లేదు. రోడ్డు మారింది గానీ బస్సు బయల్దేరే టైము మాత్రం ఇంకా ఆ గుంతల రోడ్డుదే.

నాలుగింటికి ఆరుగురు ఆడవాళ్ళం, అందరం యాభై దాటినవాళ్ళమే, ఒకామెకి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకామెకి షుగరు. మెట్రో స్టేషన్‌కి షటరేసుంది. లాడ్జి దగ్గరే, నడుచుకుంటా పోయాం, కౌంటర్లో కుర్రాడు నిద్ర మొహంతో చెకిన్ పన్నెండింటికండీ, ఇప్పుడే కావాలంటే ఇంకో సగం రోజు రెంట్ కట్టాలి అన్నాడు, మూడు రూములకీ. పోనీ బాత్రూం ఒక్కటి వాడుకుంటాం బాబూ అంటే రూము లేకుండా కుదరదన్నాడు. మా షుగరు ఆమె పరిస్థితి నేను వేరే రాయక్కర్లేదు అనుకుంటా. చివరికి దగ్గర్లో ఒక ఆస్పత్రి వాచ్‌మన్ పెద్దాయన చూసి, లోపలికెళ్ళండమ్మా కుడిపక్కనుంది అన్నాడు, ఆయన కడుపు చల్లగా ఉండాలి.

ఐదు దాటాక ఆటో మాట్లాడుకుని సంచులతో సహా ట్యాంక్‌బండ్ మీదకి పోయాం. ఇంకేం చేస్తాం, కూర్చోటానికి బెంచీలన్నా ఉన్నాయి కదా. వాటర్ బాటిళ్ళు కొనుక్కుని రెయిలింగ్ పక్కన నిలబడి పళ్ళు తోముకుంటా అటూ ఇటూ చూస్తే పైన శ్రీనాథుడి విగ్రహం. మా తెలుగు మేడం, అంటే మాలో తెలుగు ఎం.ఏ. చేసినామె, నోట్లో నురగతోనే, ‘మన పల్నాడొచ్చి జొన్నకూడు తప్ప ఏమీ లేదు, నీళ్ళు లేవు అని ఎకసెక్కాలాడాడు కదే ఈయన, ఇప్పుడు చూడు ఆయన ఊరికొచ్చి పుక్కిలించటానికి నీళ్ళు కొనుక్కున్నాం’ అంది. ఆయన ఊరు ఇదెప్పుడయిందే అని నేనంటే, ‘విగ్రహం ఎక్కడుంటే అదే ఊరు’ అంది. మన వినుకొండ జాషువా గారి విగ్రహం కూడా ఆ వరసలోనే ఉంది, ఆయన ముందు మాత్రం ఉమ్మకూడదని రూల్ పెట్టుకుని దూరం జరిగాం. మెల్లగా తెల్లారుతుంటే హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు కనపడ్డాడు. 1990లో తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయి రెండేళ్ళు అడుగున ఉండి 1992లో లేచి నిలబడిన విగ్రహం అది, నేను ఆ కథ మొదలుపెట్టగానే ‘ఇక్కడ కూడా క్లాసేనా తల్లీ’ అని అందరూ చేతులు జోడించారు. డబ్బాలో పులిహోర అక్కడే ఖాళీ అయింది.

సరే శనివారం అట్లా గడిచింది. ఆదివారం ఇంకో రకం. చెకౌట్ పన్నెండింటికి, తిరుగు బస్సేమో రాత్రి పదకొండింటికి, మధ్యలో పదకొండు గంటలు ఈ సంచులు ఎక్కడ పెట్టాలి? లాడ్జి వాళ్ళని అడిగితే మా బాధ్యత కాదన్నారు. నాకప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో బ్యాగులు బయట కౌంటర్లో పెట్టి టోకెన్ తీసుకోవాలని గుర్తొచ్చింది, పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకొచ్చినప్పుడు చూశా. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి అక్కడికి పోయాం. అంటే ఎడిటర్ గారూ, మేం కళ మీద ప్రేమతో వెళ్ళామనుకునేరు, సంచుల కోసం వెళ్ళాం. వెళ్ళాక మాత్రం కదల్లేదు. ఆ మేలిముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర మా మోకాళ్ళ నొప్పులామె పదినిమిషాలు నిలబడిపోయింది, పాలరాతిలో పల్చటి ముసుగు వెనక మొహం కనపడేట్టు ఎట్లా చెక్కాడే అని, 1876 నాటిదని పక్కన చదివితే ఇంకా ఆశ్చర్యం. మ్యూజికల్ క్లాక్ ముందు జనం బెంచీల మీద సినిమాకొచ్చినట్టు కూర్చున్నారు, లోపల్నుంచి బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టేది చూట్టానికి. మేం చూసింది రెండు గంటలప్పుడు, రెండే దెబ్బలు. పన్నెండింటికి అయితే పన్నెండు కొడతాడు, అప్పుడు మేం లాడ్జిలో బిల్లు కడుతున్నాం.

ఐదింటికి మ్యూజియం మూసేశారు, సంచులు మళ్ళీ భుజానికి. చార్మినార్ దగ్గర ఆదివారం సాయంత్రం జనం ఎట్లా ఉంటారో తెలిసిందే, లాడ్‌బజార్ సందులో గాజులు బేరమాడుతుంటే సంచి ఎవరికో ఒకళ్ళకి తగుల్తానే ఉంది, చివరికి వంతులేసుకున్నాం, ఇద్దరు ఇరానీ హోటల్లో సంచులకి కాపలా, నలుగురు గాజుల కొట్టుకి. కాపలా ఉన్నోళ్ళు కుర్చీ ఖాళీ చేయమంటారని చాయ్ మీద చాయ్ తాగారు, రాత్రి బస్సులో నిద్ర పట్టలేదని తెల్లార్లూ నన్ను తిట్టారు.

రైల్లో వచ్చేవాళ్ళకి ఈ బాధ కొంత తక్కువ. పెద్ద స్టేషన్లలో టికెట్ చూపించి తాళం వేసిన బ్యాగు క్లోక్ రూంలో ఇవ్వొచ్చు, పీఎన్‌ఆర్ ఉంటే రిటైరింగ్ రూం బుక్ చేసుకోవచ్చు. ప్రైవేట్ బస్సు దిగినోళ్ళకి రైలు పీఎన్‌ఆరూ లేదు స్టేషనూ లేదు, ఫుట్‌పాతే. ఇదేదో హైదరాబాద్ వాళ్ళ మీద చాడీలు అనుకోకండి, మన దగ్గరా ఇంతే. కిందటి దసరాలకి అమ్మవారి దర్శనానికి కూకట్‌పల్లి నుంచి మా ఆడపడుచు వాళ్ళొస్తే పావుతక్కువ నాలుగుకి బెజవాడ బెంజిసర్కిల్ ఫ్లైఓవర్ కింద దింపి పోయారు, చంకలో నిద్రపోయే పిల్లాడు. వీకెండ్ కదా అని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఎన్ని కుటుంబాలు తిరుగుతున్నాయో శుక్రవారం రాత్రి రోడ్డు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది.

అడిగేది పెద్దదేం కాదు. పదిన్నర బస్సు పన్నెండున్నరకి తీయండి, ఆరున్నరకి దింపండి, లేదంటే టికెట్ మీద నాలుగు అనే వెయ్యండి, మా ఏర్పాట్లు మేం చేసుకుంటాం. రెండూళ్ళలోనూ ఈ బస్సులు ఆగే చోట డబ్బులిచ్చి వాడుకునేట్టు నాలుగు బాత్రూములు, కొన్ని లాకర్లు, మంచి లైటు, రాత్రిపూట ఒక ఆడమనిషి డ్యూటీ. వంద అడిగినా ఆ రోజు మేం ఇచ్చేవాళ్ళమే, రెండొందలైనా సరే.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పోదామని అనుకున్నాం, గోల్కొండ మిగిలిపోయింది. ఈసారి బస్సొద్దని పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి తీశాం, పొద్దున్నే ఎక్కితే పగలే దిగుతాం. నలుగురికి సీట్లొచ్చాయి, మా షుగరు ఆమెదీ నాదీ ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు