స్టెరాయిడ్ రాసిన రోజే ఎముకల సంగతీ చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా అమ్మకు పెంఫిగస్ ఉంది. ఒంటి మీద, నోట్లో పొక్కులు లేచి చిట్లిపోయే జబ్బు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాకే ఆవిడ గుక్కెడు నీళ్లు బాధ లేకుండా మింగగలిగింది. కాబట్టి ఆ మందు మీద నాకే కోపమూ లేదు. దాంతోపాటు ఎముకలనూ చూసుకోవాలని మొదట్లో ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

కొన్ని నెలలకు బకెట్ ఎత్తబోతే నడుము పట్టేసింది. వయసు మీద పడిందిగా, మామూలే అన్నారు. నొప్పి ఎంతకూ తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాం. ఒక వెన్నుపూస ముందువైపు నొక్కుకుపోయింది! గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు కూడా తగ్గింది. ఇలాంటి విరుగుళ్లు చాలామందికి నొప్పి కూడా లేకుండానే వస్తాయట.

స్టెరాయిడ్లు ఎముకను కట్టే కణాలను దెబ్బతీస్తాయి. పేగుల్లో కాల్షియం సరిగా ఒంటబట్టనివ్వవు, మూత్రంలో ఎక్కువగా పోయేలా చేస్తాయి. ఈ నష్టం తొలి నెలల్లోనే వేగంగా జరుగుతుంది. అందుకే రోజుకు 2.5 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్‌ను 3 నెలలు దాటి వాడే పెద్దవాళ్లకు ఎముక విరిగే ముప్పు ఎంతుందో మొదటి 6 నెలల్లోపే అంచనా వేయాలని కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ చెబుతోంది. ఏడాది గడిచాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమే.

ఇక పళ్లు. ఎముకలు గుల్లబారకుండా అమ్మకు వారానికోసారి వేసే అలెండ్రొనేట్ రాసే ముందు, కొత్త డాక్టరుగారు మమ్మల్ని పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. ఆ మందు వాడుతున్నప్పుడు పన్ను పీకితే, అరుదుగానైనా, దవడ ఎముక మానకుండా బయటపడిపోయే ప్రమాదం ఉందట. కదులుతున్న దవడ పన్ను ముందే తీసేశారు. చిగురు పూర్తిగా మానాకే మాత్ర మొదలైంది. పుళ్ల మంటకు అమ్మ బ్రష్ ముట్టుకోవడమే మానేసింది. పళ్ల డాక్టరమ్మ పసిపిల్లలకు వాడే మెత్తటి బ్రష్ ఇచ్చి, అద్దం ముందు కూర్చోబెట్టి, చిగుళ్ల అంచున ఎంత తేలిగ్గా తిప్పాలో చూపించారు. అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు దొరకడం మా అదృష్టం.

మాత్ర వేసుకునే రోజు అమ్మ పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, గడియారం ఎదురుగా పెట్టుకుని అరగంట నిటారుగా కూర్చుంటుంది. వెంటనే పడుకుంటే అన్నవాహికకు పుండు పడొచ్చు. కాల్షియం మాత్ర దాంతో కలిపి వేసుకోకూడదు. ఇవన్నీ మందుల చీటీ మీద ఉండవు. అడిగితేనే తెలుస్తాయి.

దయచేసి ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్ ఉన్నపళంగా ఆపేయకండి. చాలాకాలం వాడాక ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ తగ్గిపోయి ఉంటుంది, ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. నెలల తరబడి స్టెరాయిడ్ రాసేటప్పుడు అదే చీటీలో ఎముకల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి, పళ్ల పరీక్ష గురించి రెండు ముక్కలు రాయండి. మీ ఆరోగ్యం పేజీలో ఎముకల వైద్యుడితో, దంత వైద్యుడితో కలిపి దీనిమీద ఒక వ్యాసం రాయించమని మిమ్మల్నీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు