శీనుకి, సౌదీలోని బురైదా నుంచి

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైంది, కోపం పెట్టుకోకు. ఖర్జూరం సీజను, లోడు మీద లోడు. ఒంట్లో బాగుంది, జీతం వచ్చింది, అమ్మకు పంపాను. అసలు సంగతి వేరే ఉంది, నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మొన్న లోడు కోసం బురైదా దాటి లోపలికి వెళ్లాను. ఇసుకలో చక్రాల మీద ఓ పొడవాటి ఇనుప చట్రం, తుప్పు పట్టి నిలబడి ఉంది. తోట పెద్దాయన దాన్ని చూపించి, "ఇదంతా గోధుమ చేను" అన్నాడు. నేను నమ్మలేదురా! ఫోన్లో మ్యాప్ తీసి చూపించాడు. ఎడారి నిండా బొట్టుబిళ్లలు అతికించినట్టు గుండ్రటి మడులు. కొన్ని పచ్చగా ఉన్నాయి, కొన్ని ఎండి బూడిద రంగుకు తిరిగాయి. నడిమధ్యన బోరు, దాని చుట్టూ చట్రం తిరుగుతూ నీళ్లు చల్లేదట.

1980ల్లో ఇక్కడి ప్రభుత్వం బయటి ధరకు ఎన్నో రెట్లు ఇచ్చి గోధుమ కొన్నది. 1992 నాటికి ఏడాదికి 40 లక్షల టన్నులు! ఒక్క నది లేని దేశం గోధుమ ఎగుమతి చేసింది. ఆ నీళ్లేమో వేల ఏళ్ల కిందటి వానలవి, రాతి పొరల్లో దాగినవి. తోడితే మళ్లీ నిండవు. 2008లో కొనుగోళ్లు తగ్గించడం మొదలుపెట్టి 2016కల్లా ఆపేశారు. తర్వాత కొంత సాగుకు మళ్లీ ఒప్పుకున్నారులే, కానీ ఆ పాత జోరు లేదు.

"ఏటా మోటారు ఇంకా కిందికి దించేవాళ్లం" అన్నాడు పెద్దాయన. అప్పుడు మీ మూడో బోరు, ఆ రాత్రి మీ నాన్న ముఖం... సరే, వద్దులే.

రియాద్‌లో మా రూముకొచ్చే నీళ్లు ఎక్కువగా సముద్రానివి. సముద్రపు ఒడ్డున ఉన్న జుబైల్‌లో ఉప్పు తీసి నాలుగు వందల కిలోమీటర్లు పైపుల్లో తోస్తారు, అదీ ఆరు వందల మీటర్ల ఎత్తుకి. కొత్త పద్ధతిలో వెయ్యి లీటర్ల నీళ్లలో ఉప్పు తీయడానికే మూడు నాలుగు యూనిట్ల కరెంటు. నీళ్లు మరిగించే పాత ప్లాంట్లకు ఇంకా ఎక్కువ. ఈ ఎడారిలో కిలో గోధుమకు వెయ్యి లీటర్లకు అటూ ఇటూగా పడుతుంది. లెక్క నువ్వే వేసుకో! తాగడానికైతే సరే, ఆ నీళ్లతో చేను పారించగలమా? ఆ కరెంటు కోసం ఇన్నాళ్లూ చమురు, గ్యాసు కాల్చారు, ఇప్పుడు సోలార్ కూడా పెడుతున్నారు.

నువ్వు నాలుగో బోరుకి పాయింట్ చూపించావని అమ్మ చెప్పింది. ఆగరా, నా మాట విను. ఈ యాసంగికి వరి తగ్గించి చూడు. చెరువు పూడిక సంగతి కప్పల సర్పంచ్‌తో నువ్వే మాట్లాడాలి, నీ మాటైతేనే వింటాడు, ఎందుకో మనకు తెలుసుగా! ఇంకా ఆ పెద్దాయన ఖర్జూరానికి డ్రిప్పు ఎలా వేశాడంటే...

లోడు ఎక్కిందట, హారన్ కొడుతున్నారు. డ్రిప్పు సంగతి ఫోన్లో చెబుతా.

నీ
రవి