దగ్గరి రైళ్లను చర్లపల్లిలోనే ఆపేయొద్దు

సంపాదకులకు,

వరంగల్, హన్మకొండ, కాజీపేటల నుంచి రోజూ ఎందరో హైదరాబాద్ వెళ్లివస్తుంటారు. ఉద్యోగాలకు పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు, నిమ్స్‌కో గాంధీకో పేషెంట్‌ను తీసుకెళ్లేవాళ్లు, కోచింగ్ పిల్లలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. ఇంత దూరానికి రైలే సరైన ప్రయాణమని నా గట్టి అభిప్రాయం. అలాంటి రైళ్లను సికింద్రాబాద్ దాకా రానివ్వకుండా నగర శివారులోని చర్లపల్లిలో ఆపేయొద్దనే ఈ ఉత్తరం.

2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఇంకా రైలెందుకని కొందరు అడుగుతారు. మంచి పథకమే, కాదనను. కానీ షుగర్ ఉన్న మనిషికి బస్సులో మూడు గంటలు కూర్చోవడం ఎంత టెన్షనో ఇంట్లో పెద్దవాళ్లున్న వారికి తెలుసు. రైల్లో టాయిలెట్ ఉంటుంది, కాళ్లు పట్టేస్తే లేచి నాలుగడుగులు వేయొచ్చు. పైగా ఘట్‌కేసర్ దాకా హాయిగా వచ్చిన బస్సు నారపల్లి, ఉప్పల్ దగ్గర ఎంతసేపు ఆగుతుందో డ్రైవర్ కూడా చెప్పలేడు. అక్కడి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, ఏళ్లు గడిచినా ఆ దారిలో అవస్థ తీరలేదు. ఆ చిక్కేమీ లేకుండా రైలు రెండు, రెండున్నర గంటల్లో చేరుస్తుంది. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి మనకది వర్తిస్తుంది కూడా.

ఇప్పుడు అసలు సంగతి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మళ్లించారు. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ విశాలంగా ఉంది, బాగుంది. రాత్రంతా ప్రయాణించి దిగేవాళ్లకు అక్కడి నుంచి నగరంలోకి రావడానికి ఇంకో గంట పట్టినా సర్దుకుంటారేమో. రెండు గంటల ప్రయాణానికి అదనంగా గంట, ఆటోకు రైలు టికెట్ కంటే ఎక్కువ డబ్బు పెట్టాల్సి వస్తే ఇక రైలెందుకు ఎక్కుతారు? సికింద్రాబాద్‌లో దిగితే పక్కనే మెట్రో. హైటెక్ సిటీకి అదే రైల్లో వెళ్లిపోవచ్చు, నిమ్స్‌కైతే అమీర్‌పేటలో మారితే సరి. చర్లపల్లికి మెట్రో లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది గానీ మన బండి దిగే వేళకు అది దొరకాలి.

అందుకే దక్షిణ మధ్య రైల్వేకు నా విన్నపం. ఏ రైలును ఎక్కడ ఆపాలో తేల్చేటప్పుడు దూరప్రాంత రైళ్లనూ ఈ దగ్గరి రైళ్లనూ ఒకే గాటన కట్టొద్దు. ఉదయం కాజీపేట, జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా వచ్చే రైళ్లు, సాయంత్రం తిరిగి వెళ్లేవి సికింద్రాబాద్ నుంచే నడవాలి. వాటిలో జనరల్ బోగీలు పెంచాలి. ఉదయం వేళ జనగామలో ఎక్కేవాళ్లకు కాలు పెట్టే చోటు కూడా ఉండడం లేదు. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీని కనీసం ఇలాంటి ప్రయాణాలకైనా తిరిగి ఇవ్వాలి.

పునర్నిర్మాణం పూర్తయ్యేదాకా ఇవి కుదరవంటే, ఆర్టీసీ అయినా ముందుకు రావాలి. చర్లపల్లిలో రైలు దిగే వేళకు ఉప్పల్ మెట్రోకు ఒక బస్సు సిద్ధంగా ఉంచాలి. దీనికి కొత్త పట్టాలు, కొత్త స్టేషన్లు అక్కర్లేదు. రైళ్ల టైంటేబుల్ చూసి డిపో వాళ్లు బస్సుల వేళలు మార్చితే చాలు.

– ఒక పాఠకుడు, హన్మకొండ