పట్టినంత పిండి

పెర్మెత్ దగ్గరి పల్లె నుంచి,
జూన్ 4

ప్రియమైన చిన్నా,

నువ్వు ఫోను చేసినప్పుడు నా చేతులు మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి. తరువాత నేనే చేసి నాలుగు మాటలు చెప్పి పెట్టేయవచ్చు కానీ, ఈ సంగతి నాలుగు మాటల్లో తెమిలేది కాదు. ఇప్పుడు రాత్రి తొమ్మిదవుతోంది. ద్రాక్షపందిరి కింద బల్ల దగ్గర కూర్చున్నాను. కింద లోయలో వ్యోసా నది చప్పుడు వినబడుతోంది. నువ్వు కూడా భోజనం ముగించి తీరిగ్గా చదువు.

"అల్బేనియాలో ఏముందిరా, అన్ని రోజులు ఉండిపోయావు?" అని అడిగావు కదా. మదర్ థెరిసా పుట్టింది అల్బేనియన్ కుటుంబంలో అన్న ఒక్క ముక్క తప్ప ఈ దేశం గురించి నాకూ ఏమీ తెలియదు. గ్రీసులోని యొవానినా నుంచి బస్సెక్కి, కకావియా దగ్గర సరిహద్దు దాటి జిరోకాస్తర్‌లో దిగాను. కొండవాలు మీద రాతి ఊరు అది. గోడలు సరే, ఇంటి కప్పులు కూడా రాతి పలకలే. 2005లో యునెస్కో దాన్ని వారసత్వ స్థలాల్లో చేర్చింది. ఆ ఊరి అందం ఫోటోల్లో చూద్దువు గానీ, నన్ను అక్కడ నిలబెట్టేసింది మాత్రం ఒక పెనం.

బజారు వీధిలో ఒక కొట్టు ముందు గుంతల పెనం వేలాడుతోంది. అచ్చం మన గుంత పొంగనాల పెనం! వరంగల్ హాస్టల్లో దొంగచాటుగా కరెంటు పొయ్యి మీద వేసుకున్నామే, అదే. దీనిలో ఏం చేస్తారని అడిగితే కొట్టాయన "చిఫ్చీ" అన్నాడు. నేను దిగిన ఇంటి ఆవిడ ఆ సాయంత్రమే చేసి పెట్టింది. ఉడికిన అన్నంలో గుడ్లు, పుదీనా, ఉప్పు, మిరియాల పొడి కలిపి, నూనె వేడెక్కిన గుంతల్లో చెంచాతో పోసి, ఒక పక్క కాలాక ఫోర్కు కొనతో తిప్పుతుంది. ఆ తిప్పే ఒడుపు చూశాక ఇక కుర్చీలో కూర్చోలేక పొయ్యి పక్కకు వెళ్ళి నిలబడ్డాను. రెండో వాయి నాతో తిప్పించింది. నా ఆత్రం చూసి ఆవిడే అంది, "నీకు ఇంటి వంట చూడాలని ఉంటే పెర్మెత్ వైపు మా తెజె ఉంది, వెళ్ళు. నేను ఫోను చేసి చెబుతాను" అని.

తెజె అంటే పిన్నో పెద్దమ్మో, అమ్మ తోబుట్టువు. మేనత్తను హల్లె అంటారు. మేనమామ దాయ్, బాబాయి జాజా. మనకులాగే ఏ వైపు చుట్టానికి ఆ వైపు పిలుపు ఉంది. ఇంగ్లీషులో మన చుట్టాల గురించి చెప్పబోయి ఎన్నిసార్లు ఆగిపోయామో నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఆ బాధ లేదు. మొదటి రోజే "మీ దాయ్ ఉన్నాడా?" అని అడిగితే, మా చిన్న మేనమామ గురించి అరగంట చెప్పాను.

తెజెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఉన్నారు. కోడలు కొన్నేళ్ళు గ్రీసులో పనిచేసి వచ్చింది, ఇంగ్లీషు బాగానే వస్తుంది. ఆమె లేనప్పుడు తెజెకూ నాకూ మధ్య భాష చేతులే. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చిన్న పళ్ళెంలో ఒక చెంచా, ఒక నల్లటి కాయ, గ్లాసుడు చల్లటి నీళ్ళు వచ్చాయి. ఆ నల్లటి కాయ పచ్చి అక్రోటు, చక్కెర పాకంలో ఊరినది. గ్లికో అంటారు. వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఆ తీపి తిని నీళ్ళు తాగాలి, మిగతా మాటలన్నీ తరువాతే. దాని సంగతి మళ్ళీ చెబుతాను, పెద్ద కథ అది.

కాసేపటికి "హాయ్‌దె, హామ బుక" అంది. రా, తిందాం అని. బుక అంటే రొట్టె, కానీ భోజనానికంతటికీ అదే మాట. మనం "అన్నం తిన్నావా" అంటామే, అలాగన్నమాట. మీ కరీంనగర్‌లో "ఒక్క బుక్క తిను" అంటారు కదా, నాకు వెంటనే మీ అమ్మ గుర్తొచ్చింది. రెండు భాషలకూ చుట్టరికం లేదు, మాటలు ఇలా ఊరికే కలిశాయంతే. అయినా పరాయి ఊళ్ళో ఆ మాట చెవిన పడితే కడుపు నిండినట్టుంది.

ఇక అసలు సంగతి, బ్యురెక్. పల్చటి పిండి రేకుల మధ్య ఆకుకూర పెట్టి కాల్చే వంటకం. ఇక్కడ ఊరూరా బ్యురెక్ దుకాణాలుంటాయి, పొద్దున్నే కొనుక్కుని నడుస్తూ తింటారు. ఇంట్లో చేసేది వేరే. మర్నాడు ఉదయం నేను నోటు పుస్తకం, పెన్ను పట్టుకుని పొయ్యింటిలోకి వెళ్ళాను. పిండి ఎంత అని అడిగాను. "సా త మర్ర" అంది. నీళ్ళు ఎన్ని? "సా త మర్ర." ఉప్పు? అరచేయి చూపించింది. కోడలు నవ్వి, "అది ఎంత తీసుకుంటే అంత అని" చెప్పింది.

చిన్నా, అది మన "పట్టినంత"! మా అమ్మను ఎప్పుడు ఏ కొలత అడిగినా "పిండి పట్టినన్ని నీళ్ళు పొయ్యి" అనేది. చెప్పడం ఇష్టం లేక అలా అంటోందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఇక్కడ తెజె నా చేయి పట్టుకుని పిండిలో పెట్టి, తన చేత్తో కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరిస్తూ కలిపించింది. నాలుగోసారో అయిదోసారో చిలకరించాక పిండి వేళ్ళను వదిలేసింది. ఆమె నీళ్ళ గిన్నె పక్కన పెట్టేసింది. ఏ రోజు పిండి ఎంత తాగుతుందో ఆ గోధుమనూ ఆనాటి గాలిలోని తేమనూ బట్టి ఉంటుంది. ఆ ముందు రోజు వాన పడింది. నేను పుస్తకంలో ఏ అంకె రాసుకున్నా మర్నాటికి అది పనికొచ్చేది కాదు.

పిండి తడిగుడ్డ కింద అరగంట నానాక ఉండలు చేశాం. రొట్టెలు ఒత్తే కర్రను ఓక్లాయి అంటారు. మన అప్పడాల కర్రకు రెట్టింపు పొడవు, బొటనవేలంత లావు. ఉండను అరచేయంత ఒత్తి, కర్రకు చుట్టి, రెండు అరచేతులతో నడిమి నుంచి అంచులకు జరుపుతూ దొర్లించాలి. విప్పి, పావు వంతు తిప్పి, మళ్ళీ చుట్టాలి. అయిదారు చుట్లకు ఆ ఉండ బల్లంతా పరుచుకుంటుంది. ఆ రేకును పెతె అంటారు. తెజె రేకును రెండు చేతుల మీదికెత్తి కిటికీ ముందు పట్టుకుంటే పెరట్లో చెట్టు కనబడింది. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళ చేతులు చూసినప్పుడు కలిగిన గౌరవమే ఇక్కడా కలిగింది. నావి మొదటి రెండు చిరిగాయి. చిరిగినవి లోపలి పొరల్లో వేసేస్తే సరిపోతుందని చూపించింది. ఏదీ పారేయదు.

లోపల పెట్టే కూర గురించి నీకు తప్పక చెప్పాలి. పొద్దున్నే మనవరాలితో కలిసి పొలంగట్ల మీద ఏరుకొచ్చాం. పాలకూర, ఉల్లికాడలు, సోయికూర, పుదీనా, ఇంకా లపియెత అనే పుల్లటి ఆకు. నోట్లో వేసుకోగానే చుక్కకూర అని తెలిసిపోయింది. ఆకు పొడుగ్గా, కాస్త మొరటుగా ఉంటుంది కానీ మన చుక్కకూర జాతిదే. ఆకులన్నీ సన్నగా తరిగి, ఉప్పు వేసి చేత్తో నలిపి, నీరు పిండేసి, జీజె కలుపుతారు. జీజె అంటే విరగ్గొట్టి వడగట్టిన పాల ముద్ద, పనీర్ కన్నా పొడిపొడిగా, కాస్త పుల్లగా ఉంటుంది.

తెప్సి అనే గుండ్రటి పళ్ళెంలో ఆరు రేకులు అంచులు బయటికి వేలాడేలా పరిచి, రేకు రేకుకూ నూనె చిలకరించి, కూర వేసి, పైన మరో అయిదు రేకులు కప్పాం. వేలాడే అంచులను లోపలికి మడిచి చుట్టూ జడలాగా అల్లింది. ఇంట్లో కరెంటు ఓవెన్ ఉంది, కానీ ఆ రోజు నాకోసం పెరట్లో సాచ్ తీశారు. సాచ్ అంటే ఇనుప గుమ్మటం మూత. దాన్ని మంట మీద బాగా కాల్చి, పళ్ళెం మీద బోర్లించి, పైన నిప్పులూ బూడిదా కప్పుతారు. ముప్పావు గంట తరువాత మూత ఎత్తితే పై రేకులు ఎర్రగా కాలి, చాకు పెట్టగానే కరకరమన్నాయి. పక్కన గ్లాసుడు మజ్జిగ. ఇంతకన్నా ఏం చెప్పను!

తింటున్నప్పుడు, రేకు అంత పల్చగా ఎందుకు చేస్తారని అడిగాను. రుచి కోసమనే జవాబు వస్తుందనుకున్నాను. తెజె కాసేపు మాట్లాడలేదు. తరువాత కోడలి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హొజా రోజుల్లో ఊరంతా సహకార క్షేత్రం. పొలం ఎవరిదీ కాదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో రోజూ మొక్కజొన్న రొట్టెలే, గోధుమ పిండి పండగకే. 1980ల మొదట్లో ఇంటి గొర్రెలను, ఆవును కూడా తోలుకుపోయారు. ఆ తరువాత బిడ్డకు పాల కోసం తెల్లవారుజామున వరసలో నిలబడేది. గుప్పెడు గోధుమ పిండి దొరికితే తొమ్మిదిమందికి బ్యురెక్ రావాలి. అందుకని రేకు పల్చన చేసేది, గట్ల మీద ఆకు మాత్రం ఎంత కావాలంటే అంత ఉండేది. "అప్పుడు ఉన్నంతే, పట్టినంత కాదు" అంది. అది చెప్పి నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం కోడలి వంతు. ఆమె పుట్టిల్లు ఎల్బసాన్, అక్కడి పేరున్న వంట తావె కోసి. గొర్రెపిల్ల మాంసం ముందుగా ఉడికించి, కొద్దిగా బియ్యం వేసి, పైన పెరుగూ గుడ్లూ కలిపిన గుజ్జు పోసి ఓవెన్‌లో పెడతారు. వేడికి పెరుగు విరగకూడదు కదా, అందుకని వెన్నలో వేయించిన గోధుమ పిండి కలుపుతుంది. మజ్జిగ పులుసులో మనం శనగపిండి కలిపేది అందుకే అని చెబితే, ఆమె వెంటనే మజ్జిగ పులుసు ఎలా చేయాలో రాసుకుంది. పసుపు ఒక్కటే ఇంట్లో లేదు. రాజధాని తిరానా నుంచి తెప్పిస్తానంది.

ఇక అక్రోటు గ్లికో. పెర్మెత్‌కు పేరొచ్చింది దానివల్లనే. నేను వచ్చిన సమయం కలిసొచ్చింది, లోపలి పెంకు గట్టిపడక ముందు, సూది గుచ్చితే అవతలికి దిగేటప్పుడే కాయ కోయాలి. రెండు రోజులు పెరట్లో కూర్చుని తొక్కలు తీశాం, పక్కింటి ఆడవాళ్ళు కూడా వచ్చారు. చేతులకు తొడుగులు వేసుకోమని చెప్పారు, నేను వేసుకోలేదు. ఆకుపచ్చ తొక్క రసం తగిలి నా వేళ్ళు నల్లబడిపోయాయి, రెండు వారాలైనా పోదట. ఆ కాయలను రోజూ నీళ్ళు మారుస్తూ నానబెడతారు, చేదు విరగాలి. తరువాత సున్నపు తేట నీళ్ళలో ఉంచుతారు. మన దగ్గర బూడిద గుమ్మడితో మిఠాయి చేసేవాళ్ళు చేసే పనే ఇది, ముక్క పాకంలో చితికిపోకుండా గట్టిపడుతుంది. మళ్ళీ కడిగి, ఉడికించి, పాకంలో వేసి, లవంగాలు వేసి, పాకం చిక్కబడేదాకా కాయాలి. పాకం ఎప్పుడు దించాలి? తెజె ఒక చుక్కను పళ్ళెం మీద వేసి వంచింది. చుక్క జారలేదు. మా నాయనమ్మ అరిసెల పాకం చూసినట్టే చూసింది. మొత్తం పది రోజుల పని. చేసినవాళ్ళు తినేది తక్కువ, సీసాలన్నీ వచ్చేవాళ్ళ కోసమే.

ఇక్కడ వంట చేసినవాళ్ళతో "త లుమ్షిన్ దువార్త్" అంటారు. నీ చేతులు చల్లగా ఉండాలి అని అర్థం చేసుకో, మన భాషలో అంతకన్నా దగ్గరి మాట నాకు తోచలేదు. తినేవాళ్ళతో "త బఫ్త మిర" అంటారు, తిన్నది నీకు మేలు చేయాలని. దారిలో ఎవరైనా తింటూ కనబడితే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అంటారు. నిన్న నేను చేసిన బ్యురెక్ తిని తెజె మొదటి మాట నాతో అంది. నా చేతులు రెండూ పట్టుకుని మరీ అంది.

ఇంకా ఎన్నో ఉన్నాయి. పుల్లబెట్టి, గుడ్డ మీద ఎండబెట్టి, చలికాలం పొద్దున జావలా కాచుకునే త్రహనా గురించి, 2023లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ఈ వ్యోసా గురించి, ఔనంటే తల అడ్డంగా ఊపే వీళ్ళ అలవాటు గురించి వచ్చాక చెబుతాను. డబ్బు సంగతి కూడా అడుగుతావు, తెలుసు. ఎంత చెప్పినా తీసుకోలేదు. చివరికి కోడలితో మాట్లాడి, పెరటి కంచెకు కొత్త తీగ కొనిచ్చాను, కొడుకుతో కలిసి రెండు రోజులు కట్టాను.

ఎల్లుండి బయలుదేరుతున్నాను. తెజె తన పాత ఓక్లాయి నాకు ఇచ్చింది. అత్తగారు తనకు ఇచ్చిందట, నడిమిన అరిగి సన్నబడింది. వద్దన్నాను, వినలేదు. సామానులో పట్టకపోతే చేత్తో పట్టుకునే వస్తాను.

నేను 20వ తేదీ సాయంత్రానికి కరీంనగర్‌లో ఉంటాను. చుక్కకూర నాలుగు కట్టలు, సోయికూర, ఉల్లికాడలు తెచ్చి ఉంచు. ఈ మధ్య మీ ఇంట్లో వాడే గోధుమ పిండి ఏదైనా ఫరవాలేదు. జీజెకి రెండు లీటర్ల పాలు విరగ్గొడదాం. మీ అమ్మను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమను. నీళ్ళు ఎన్ని పొయ్యాలో ఆమె చెబుతుంది.

నీ
నల్ల వేళ్ళ మిత్రుడు